కాపలా లేని నవద్వారపురం: యువత, నవీన ధూమసాధనాలు

మానవదేహాన్ని తొమ్మిది ద్వారాల పురంగా భావించడం భారతీయ చింతనలో సుప్రసిద్ధం. పురానికి ద్వారాలు ఎంత అవసరమో, ఆ ద్వారాల వద్ద కాపలా అంతకంటె అవసరం. ఏది లోనికి రావచ్చునో, ఏది రాకూడదో నిర్ణయించే శక్తిని పరమేశ్వరుడు ప్రతి ఇంద్రియంలోనూ నిక్షేపించాడు. పొగాకు విషయంలో ఈ కాపలా ఎంత పటిష్ఠమైనదో గమనిస్తే ఆశ్చర్యం కలుగుతుంది. తొలిసారి చుట్ట ముట్టించిన వానికి కంఠం మండుతుంది, దగ్గు ముంచుకొస్తుంది, తల తిరుగుతుంది, కడుపులో వికారం పుడుతుంది. నాలుక ఆ చేదును ఉమ్మివేయమంటుంది. ఏ గురువూ బోధించకముందే, ఏ శాసనమూ నిషేధించకముందే దేహం తనంత తానుగా పలికిన నిషేధవాక్యం ఇది.

పూర్వకాలపు పొగాకు ఈ కాపలాను ఎదుర్కొని దాటవలసి వచ్చేది. దగ్గుతూ, కళ్ళు తుడుచుకుంటూ, తోటివారి ఎగతాళికి వెరచి మళ్ళీ మళ్ళీ ప్రయత్నించిన వానికే ఆ వ్యసనం అబ్బేది. మధ్యలో విసిగి విడిచిపెట్టినవారు అనేకులు. నేటి నవీన ఉత్పత్తులు ఆ శ్రమను తొలగించాయి. అవి కాపలాను ఎదిరించవు, కాపలావారినే లోబరచుకుంటాయి. యువత వాటివైపు ఆకర్షితులు కావడానికి మూలకారణం ఇదే. ‘ఈ కాలపు పిల్లలకు ఇంద్రియనిగ్రహం లేదు’ అనే నింద పెద్దల నోట తరచుగా వినబడుతుంది. ఆ నింద పలకడం సులభం. అయితే అది సత్యం కాదు, దానివల్ల ప్రయోజనమూ లేదు.

లోబడిన ద్వారపాలకులు నలుగురు.

మొదటిది రసనేంద్రియం. విద్యుత్ సిగరెట్లలో వాడే ద్రవాలు 16,000 రకాల రుచులలో లభిస్తున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ వెల్లడించింది. మామిడి, స్ట్రాబెరీ, పుదీనా, దూదిమిఠాయి, బబుల్‌గమ్ వంటి రుచులు వాటిలో ఉన్నాయి. ముప్పై ఏళ్ళుగా సిగరెట్టు కాలుస్తున్న నడివయస్కునికి దూదిమిఠాయి రుచి ఎందుకు? ఆ రుచి ఎవరి నాలుకను ఉద్దేశించి తయారైందో చెప్పడానికి పాండిత్యం అక్కరలేదు. నిప్పుతో కాల్చే సిగరెట్టులోనూ ఈ మాయ ప్రవేశించింది. ఫిల్టర్‌లో ఒక చిన్న గుళికను అమర్చి, వేలితో నొక్కగానే పుదీనా చల్లదనమో పండ్ల పరిమళమో విడుదలయ్యేలా చేస్తున్నారు. నోట పెట్టుకునే ముందే అది ఒక ఆటవస్తువు. పెదవి క్రింద ఇముడ్చుకునే నికోటిన్ పౌచ్‌లదీ ఇదే పద్ధతి.

రెండవది కంఠం. పొగాకులోని నికోటిన్ స్వభావతః క్షారగుణం కలది. అధికమాత్రలో పీలిస్తే గొంతును గీరుతుంది. బెంజోయిక్ ఆమ్లం వంటి దానితో నికోటిన్‌ను కలిపి ‘నికోటిన్ లవణం’గా మార్చితే ఆ కటుత్వం తగ్గుతుంది. తత్ఫలితంగా గొంతు అభ్యంతరం చెప్పకుండానే ఎక్కువ నికోటిన్ లోనికి చేరుతుంది. అమెరికాలో 2015లో విపణిలోకి వచ్చిన ‘జూల్’ అనే సాధనం ఈ పద్ధతిని బహుళప్రచారంలోకి తెచ్చింది. దాని ఒక్క పాడ్‌లోని నికోటిన్ దాదాపు ఒక సిగరెట్ ప్యాకెట్‌కు సమానమని ఉత్పత్తిదారులే ప్రకటించారు. ఇరవై సిగరెట్లు వరుసగా కాల్చమంటే బాలుని దేహం తిరగబడుతుంది. అంతటి నికోటిన్‌నే దేహానికి తెలియకుండా మెత్తగా ఎక్కించడం ఈ సాధనపు నైపుణ్యం.

మూడవది ఘ్రాణం. ఇక్కడ కాపలా కాసే ముక్కు పిల్లవానిది కాదు, తల్లిది. చొక్కాకు పట్టిన పొగవాసన, వేళ్ళకు అంటిన కమురు ఎన్నో కుటుంబాలలో రహస్యాన్ని బయటపెట్టేవి. ఆవిరి సాధనానికి ఆ వాసన లేదు. ఒకవేళ పరిమళం సోకినా అది ఏ చూయింగ్‌గమ్ వాసనో అనుకునేలా ఉంటుంది. నికోటిన్ పౌచ్‌కు ఆ ఆవిరి కూడా లేదు. తరగతి గదిలో ఉపాధ్యాయుని ఎదుట కూర్చుని వాడినా తెలియదు.

నాలుగవది లజ్జ. సంప్రదాయంలో లజ్జకు దేవతాస్థానం ఉంది. అది బాహ్యశాసనం లేని చోట కూడా మనిషిని నిలబెడుతుంది. కిళ్ళీకొట్టు చాటున నిలబడి కాల్చేవానికి తాను చేయరాని పని చేస్తున్నానన్న స్పృహ ఉండేది. పెన్‌డ్రైవ్ ఆకారంలో, కలం ఆకారంలో, రంగురంగుల బొమ్మలా ఉన్న వస్తువును చేత పట్టినప్పుడు ఆ స్పృహ కలగదు. 1892లో తొలిసారి ప్రదర్శితమైన ‘కన్యాశుల్కం’ నాటకంలో గిరీశం వద్ద వెంకటేశానికి అబ్బిన విద్య చుట్ట కాల్చడం. ఆనాడు వ్యసనం నేర్పడానికి ఒక గిరీశం కావలసివచ్చాడు. నేడు అరచేతిలోని తెర ఆ గురుస్థానాన్ని ఆక్రమించింది. ఆవిరితో వలయాలు ఊదే వీడియో చూసిన బాలునికి అది దుర్వ్యసనంగా తోచదు, ఒక విద్యగా తోస్తుంది.

ఈ నలుగురూ లోబడిన తరువాత పురంలో ఏమి జరుగుతుందో అమెరికా అనుభవం చాటింది. అక్కడి జాతీయ సర్వేల ప్రకారం 2018లో హైస్కూల్ విద్యార్థులలో 20.8 శాతం, 2019లో 27.5 శాతం విద్యుత్ సిగరెట్లు వాడుతున్నట్లు తేలింది. 2018 డిసెంబరులో ఆ దేశపు సర్జన్ జనరల్ దీనిని యువతలో ప్రబలిన మహమ్మారిగా ప్రకటించాడు. అనంతరం పొగాకు కొనుగోలు వయస్సును 21 సంవత్సరాలకు పెంచారు, పండ్ల రుచుల కార్ట్రిడ్జ్‌లపై ఆంక్షలు విధించారు, పాఠశాలలలో ప్రచారం జరిగింది. 2024 నాటికి అదే సంఖ్య 7.8 శాతానికి దిగింది. తగ్గుదలకు కారణాలు అనేకం ఉండవచ్చు. అయినా ఒక విషయం స్పష్టం. దోషం కేవలం పిల్లల స్వభావంలోనే ఉన్నట్లయితే అయిదేళ్ళలో అది మూడవ వంతుకు తగ్గేది కాదు. మానవస్వభావం అయిదేళ్ళలో మారదు. మారింది కాపలా.

భారతదేశం ఈ విషయంలో ముందుగానే మేల్కొన్నది. 2019లో కేంద్రప్రభుత్వం విద్యుత్ సిగరెట్ల ఉత్పత్తి, దిగుమతి, విక్రయం, నిల్వ, ప్రకటనలను సంపూర్ణంగా నిషేధించింది. పొగాకును కాల్చకుండా వేడిచేసే సాధనాలు, విద్యుత్ హుక్కాలు కూడా ఆ నిషేధంలో చేరాయి. తొలి నేరానికి ఒక సంవత్సరం వరకు కారాగారం లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. తెలంగాణ శాసనసభ 2024 ఫిబ్రవరిలో హుక్కా కేంద్రాలను నిషేధిస్తూ చట్టం చేసింది. ఇవి అభినందనీయమైన చర్యలు. కానీ చట్టం చేయడంతోనే ధర్మం నెరవేరినట్లు భావించి నిశ్చింతగా ఉండడం పొరపాటు.

చట్టానికి అందని కంతలు మూడు కనబడుతున్నాయి. మొదటిది విడి సిగరెట్ల విక్రయం. ప్యాకెట్‌పై 85 శాతం భాగాన్ని ఆక్రమించే భయానక చిత్రం ఒక్క సిగరెట్టు కొనుక్కునే విద్యార్థి చేతికి చేరదు. రెండవది జంటపొట్లాల వంచన. గుట్కాపై నిషేధం ఉన్నందున పాన్‌మసాలాను ఒక పొట్లంలో, పొగాకును మరొక పొట్లంలో కట్టి ప్రక్కప్రక్కనే వ్రేలాడదీస్తారు. కలుపుకోవడం కొన్నవాని పని. మూడవది ముసుగు ప్రకటన. పొగాకు పేరు ఎత్తకుండా అదే పేరుతో ఏలకులనో పాన్‌మసాలానో ప్రసిద్ధ నటుల చేత ప్రచారం చేయిస్తారు. బాలుడు ఏలకుల రుచిని గుర్తుంచుకోడు. ఆ పేరును గుర్తుంచుకుంటాడు.

2019లో 13 నుంచి 15 సంవత్సరాల విద్యార్థులపై జరిగిన జాతీయ సర్వేలో 8.5 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నట్లు తేలింది. అంతకంటె బాధాకరమైన విషయం మరొకటి ఉంది. సిగరెట్టు కాల్చినవారిలో 38 శాతం, బీడీ కాల్చినవారిలో 47 శాతం, పొగరాని పొగాకు వాడినవారిలో 52 శాతం మంది పదేళ్ళు నిండకముందే ఆరంభించారు. పదేళ్ళంటే పెద్దబాలశిక్ష చదివే ప్రాయం. ఆ ప్రాయంలో పొగాకును ‘ఎంచుకోవడం’ అనే మాటకు అర్థం లేదు.

ఇక్కడే ఒక ఆక్షేపణ ఎదురవుతుంది. మనిషికి తన శరీరంపై స్వాతంత్ర్యం లేదా, తనకు ఇష్టమైనదాన్ని పొందడం అతని హక్కు కాదా అని విద్యావంతులు ప్రశ్నిస్తారు. ఈ ప్రశ్నను తోసిపుచ్చరాదు. సనాతన చింతన స్వాతంత్ర్యాన్ని ఎన్నడూ తిరస్కరించలేదు. అయితే దానికి ఒక నియమాన్ని చెప్పింది. కఠోపనిషత్తులో యముడు నచికేతుని ఎదుట నిలిచి గజాశ్వాలను, సువర్ణాన్ని, సంగీతనృత్యాలను, దీర్ఘాయువును వరంగా ఇస్తానన్నాడు. నచికేతుడు బాలుడు. అతడు వాటన్నిటినీ నిరాకరించి ఆత్మవిద్యనే కోరాడు. శ్రేయస్సు, ప్రేయస్సు అనే విభాగం ఆ ఘట్టం తరువాతనే ఉపదేశింపబడింది.

ఈ కథను పిల్లలకు చెప్పేటప్పుడు నచికేతుని వైరాగ్యాన్ని ప్రశంసించడం పరిపాటి. యముని సత్యసంధతను గుర్తించేవారు అరుదు. యముడు తాను ఎవరో దాచలేదు. తాను మృత్యువునని తెలిసిన బాలుని ఎదుటనే ప్రలోభాలను ఉంచాడు. భోగం భోగంగానే కనబడింది, మృత్యువు మృత్యువుగానే కనబడింది. రెండింటి ముఖాలూ స్పష్టంగా ఉన్నందువల్లనే నచికేతునికి వివేచన సాధ్యమైంది. నేటి ధూమవర్తకునికి యమునిపాటి నిజాయితీ కూడా లేదు. అతడు మృత్యువును వెనుక దాచి మామిడి పరిమళాన్ని ముందుంచుతాడు. నచికేతుడు తిరస్కరించినదాన్ని నేటి బాలుడు స్వీకరిస్తే, అది వివేకహీనత అని తీర్పు చెప్పే ముందు, అతని ఎదుట రెండు ముఖాలూ ఉంచారా అని విచారించాలి. గీతాచార్యుడు కూడా సమస్త బోధ పూర్తయిన తరువాతనే నిర్ణయాన్ని అర్జునునికి విడిచిపెట్టాడు. జ్ఞానం ముందు, స్వేచ్ఛ తరువాత. ఈ క్రమాన్ని తలక్రిందులు చేసి ఇచ్చే స్వేచ్ఛ వంచనకు మరో పేరు.

అదే ఉపనిషత్తు దేహాన్ని రథంతోను, ఇంద్రియాలను గుర్రాలతోను, మనస్సును పగ్గాలతోను, బుద్ధిని సారథితోను పోల్చింది. నిర్ణయశక్తికి, ఆత్మనియంత్రణకు ఆధారమైన మస్తిష్కభాగం సుమారు 25 సంవత్సరాల వరకు వికసిస్తూనే ఉంటుందని ఆధునిక వైద్యశాస్త్రం చెబుతున్నది. అంటే కౌమారంలో గుర్రాలు పూర్ణబలంతో ఉంటాయి. సారథి ఇంకా విద్య నేర్చుకుంటూ ఉంటాడు. ఆ దశలో నికోటిన్ ప్రవేశించి ఏకాగ్రతను, అభ్యాసశక్తిని, ఉద్వేగాల అదుపును దెబ్బతీస్తుంది. శిక్షణలో ఉన్న సారథికే మత్తు పెట్టిన తరువాత రథం దారి తప్పిందని గుర్రాలను నిందించి ఏమి లాభం?

రెండవ ఆక్షేపణ మరింత సూక్ష్మమైనది. ఆవిరి సాధనంలో పొగాకు కాలదు, తారు ఉండదు, కనుక సిగరెట్టుకంటె హాని తక్కువ కదా అంటారు. ఇందులో కొంత సత్యం ఉంది. దీర్ఘకాలంగా సిగరెట్లు కాల్చే వయోజనుడు వాటిని పూర్తిగా విడిచి ఆవిరికి మారితే అతనికి కొంత మేలు జరగవచ్చునని బ్రిటన్ ఆరోగ్యవ్యవస్థ అంగీకరిస్తున్నది. కానీ ఆ బ్రిటనే ఒక్కసారి వాడి పారవేసే ఆవిరి సాధనాల విక్రయాన్ని 2025 జూన్ 1 నుంచి నిషేధించింది. పర్యావరణహానితో పాటు పిల్లల చేతికి అవి సులభంగా చేరడం ఆ నిర్ణయానికి కారణం. ఎన్నడూ పొగ త్రాగని పదిహేనేళ్ళ బాలుని విషయంలో ‘తక్కువ హాని’ అనే మాటకు పోలిక ఏది? అతడు ఇంతవరకు పీల్చినది ప్రాణవాయువు. ప్రాణవాయువుతో పోల్చినప్పుడు ఆ ఆవిరి హానికరమే. రోగికి ఇచ్చే ఔషధాన్ని ఆరోగ్యవంతునికి మిఠాయిగా పంచిపెట్టడం వైద్యం అనిపించుకోదు.

నికోటిన్ ఇచ్చే ‘ప్రశాంతత’ గురించి కూడా యువతకు యథార్థం చెప్పాలి. పరీక్షల ఒత్తిడిలో అది మనస్సుకు ఊరటనిస్తుందని వారు విశ్వసిస్తారు. అలవాటుపడిన దేహంలో నికోటిన్ తగ్గగానే చిరాకు, అశాంతి, అనేకాగ్రత పుడతాయి. మరల పీల్చగానే అవి తగ్గుతాయి. తాను పెట్టిన మంటను తానే ఆర్పి ఉపకారం చేశానని చెప్పుకునే తీరు ఇది. భగవద్గీత పదునెనిమిదవ అధ్యాయం సుఖాన్ని మూడు విధాలుగా విభజించి, మొదట రుచించి చివర దహించేదాన్ని రాజసకోటిలో చేర్చింది. పాత పొగాకు ఆ లక్షణానికి సైతం పూర్తిగా ఒదగలేదు. అది ఆరంభంలోనే చేదు. ఆరంభంలో లేని తీపిని కృత్రిమంగా చేర్చి ఆ లోటును పూరించినది నవీన వాణిజ్యం.

పరులను విమర్శించేటప్పుడు స్వగృహాన్ని పరిశీలించుకోవడం ధర్మం. పొగాకు ఈ దేశపు ప్రాచీన సంపద కాదు. అమెరికా ఖండంలో పుట్టిన ఆ మొక్క పోర్చుగీసు వర్తకుల ద్వారా ఇక్కడికి చేరింది. అక్బరు పాలన చివరి సంవత్సరాలలో మొగలు దర్బారుకు పరిచయమైంది. 1617లో జహంగీరు దానిని నిషేధించాడు. వేదవాఙ్మయంలో దాని ప్రసక్తి లేదు. చరకసంహిత సూత్రస్థానంలో వర్ణితమైన ధూమపానం ఓషధులతో చేసిన వర్తితో, నియతకాలాలలో, నియతమాత్రలో చేసే చికిత్స. అది మితిమీరితే కలిగే ఉపద్రవాలను సైతం చరకుడు అక్కడే పేర్కొన్నాడు. దానిని చూపి సిగరెట్టుకు ప్రాచీనతను అంటగట్టడం శాస్త్రద్రోహం.

అయినప్పటికీ ఆచారవంతుల ఇళ్ళలోనే పొగాకు ప్రవేశించిందన్నది కాదనలేని సత్యం. నశ్యపు డబ్బీ మొలలో దోపుకుని శాస్త్రచర్చలు చేసిన పండితులు ఉన్నారు. తాంబూలంలో జర్దా కలిపి అది భోజనానంతర మర్యాద అని సమర్థించుకున్న గృహస్థులు ఉన్నారు. కొడుకు చేతికి డబ్బులిచ్చి సందుచివరి కొట్టునుంచి సిగరెట్టు తెమ్మని పంపే తండ్రులు నేటికీ ఉన్నారు. పద్దెనిమిదేళ్ళు నిండనివారికి పొగాకు అమ్మడం 2003 నాటి చట్టం ప్రకారం నిషిద్ధం. పిల్లలకు పొగాకును అందించినవారికి ఏడేళ్ళ వరకు కఠినకారాగారాన్ని 2015 నాటి బాలన్యాయ చట్టం విధిస్తున్నది. తండ్రి పంపిన ఆ చిన్న ప్రయాణంలో కొట్టువాడు నేరస్థుడవుతాడు, కొడుకు గిరాకీ అవుతాడు. ఆ తండ్రి మరునాడు చేసే హితబోధకు విలువ ఏముంటుంది?

పొగాకు పండించే రైతును నిందించడం కూడా న్యాయం కాదు. ప్రకాశం, నెల్లూరు, గోదావరి ప్రాంతాలలో వేలాది కుటుంబాలకు అది జీవనాధారం. నిజామాబాదు, జగిత్యాల ప్రాంతాలలో బీడీలు చుట్టే స్త్రీల కష్టార్జితం ఎందరో పిల్లలను చదివించింది. వారికి ప్రత్యామ్నాయ జీవనోపాధి చూపడం పాలకుల బాధ్యత. నవీన సాధనాలకు పిల్లల రుచులను అద్దినవాడు పొలంలో లేడు.

కర్తవ్యం స్పష్టం. పెద్దలు ముందుగా తమ చేతిలోనిదాన్ని విడిచిపెట్టాలి. అది సాధ్యం కాకపోతే కనీసం ఆ వస్తువును తెచ్చే పనికి పిల్లలను పంపడం మానాలి. ఉత్సవమండపాలకు, దేవాలయ తోరణాలకు పాన్‌మసాలా వర్తకుల విరాళం వచ్చినప్పుడు నిర్వాహకులు సవినయంగా తిరస్కరించాలి. దేవుని పేరు ప్రక్కన ఆ పేరు కనబడితే లజ్జ అనే ద్వారపాలకుని పెద్దలే పంపివేసినట్లవుతుంది. ఉపాధ్యాయులు కేవలం ‘పొగ త్రాగరాదు’ అని గోడపై వ్రాయించి ఊరుకోక, గుళికలోని పుదీనా ఎందుకు ఉన్నదో, నికోటిన్ లవణం గొంతును ఎలా మోసగిస్తుందో విప్పి చెప్పాలి. మోసపోయానని తెలిసిన యువకునికి కలిగే రోషం భయంకంటె బలమైన కవచం.

ఇప్పటికే అలవాటుపడిన పిల్లవానిని పాపిగా చూడడం తగదు. నికోటిన్‌కు బానిస కావడం వైద్యులు గుర్తించిన రోగం. రోగికి కావలసినది చికిత్స, సాన్నిహిత్యం. 1800-11-2356 అనే ఉచిత సంఖ్యకు ఫోన్ చేస్తే కేంద్ర ఆరోగ్యశాఖ ఆధ్వర్యంలోని సలహాదారులు మానివేయడానికి మార్గం చెబుతారు. ఆ సంఖ్యను పిల్లవాని చేతికిచ్చి ‘నువ్వే చూసుకో’ అనడం కాక, ప్రక్కన కూర్చుని ఆ ఫోన్ చేయించే తండ్రి, తల్లి, గురువు కావాలి. ఒకటి రెండుసార్లు విఫలమైనా నిందించక మళ్ళీ ప్రయత్నింపజేయాలి. అభ్యాసంతో పట్టుకున్నది అభ్యాసంతోనే వదలుతుంది.

దేహంలోని కాపలాను వర్తకుడు నిద్రపుచ్చగలడు. కుటుంబంలోని కాపలాను నిద్రపుచ్చడం అతని చేతిలో లేదు. అది పెద్దల మెలకువను బట్టి ఉంటుంది. పిల్లవాడు సాయంత్రం ఇంటికి వచ్చినప్పుడు అతని చొక్కా వాసన చూడడం చాలని కాలం వచ్చింది. అతని ముఖం చూసి, ప్రక్కన కూర్చుని, ఆనాడు ఏమి జరిగిందని అడగవలసిన కాలం ఇది.

స్వస్తి.